డిగ్రీ తరగతిలో గణిత పరిశోధన

గణిత పరిశోధన మహాపండితుల పని అనీ, బి.ఎస్సీ. విద్యార్థికి పాఠం అప్పజెప్పటమే చాలుననీ మనలో చాలామంది తలపు. 2022లో యూనివర్శిటీ గ్రాంట్స్ కమిషన్ ప్రకటించిన విధానం ఈ తలపును కొంత మార్చింది. మొదటి ఆరు సెమిస్టర్లలో నూటికి 75 మార్కులు పొందిన విద్యార్థి నాలుగవ యేట ఒక అధ్యాపకుని పర్యవేక్షణలో పరిశోధన చేసి ఆనర్సు పట్టం అందుకొనవచ్చును. మొత్తం 160 క్రెడిట్లలో 12 ఈ పనికే కేటాయించారు.

అధ్యాపకుడు చేయవలసినదేమి? ప్రశ్నను విద్యార్థి చేతికి అందేటంత చిన్నదిగా చేసి ఇవ్వటం. ఒక ఉదాహరణ చూడండి. 2, 3, 5 తప్ప మరే ప్రధాన సంఖ్యా భాగించని సంఖ్యలు, 1తో కలిపి, 10 వరకు 9 ఉన్నవి. 100 వరకు 34. 1000 వరకు 86. అమలాపురంలో ఏ వీధి అరుగుమీదనైనా కూర్చుండి పెన్సిలుతో వీటిని లెక్కించవచ్చు. వందలో మూడోవంతుకు పైగా ఉన్నవి వేయికి వచ్చేసరికి నూటికి 9 కూడా లేవు. ఎందుకింత త్వరగా పలుచబడినవి? 5 అనే హద్దును కూడా సంఖ్యతోపాటు పెరగనిస్తే ఏమగును? ఇక్కడినుండి పరిశోధన మొదలు. ఈ రెండవ ప్రశ్న జాతికి చెందిన సమస్యపైననే ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు చెందిన వి. రామస్వామిగారి వ్యాసం 1949లో అమెరికా గణిత సంఘపు పత్రికలో వెలువడినది.

ఆ వాల్తేరులోనే 1940లో గణిత ఆనర్సు ముగించిన సి. ఆర్. రావుగారి కథ మరీ ఆసక్తికరము. పరిశోధక వేతనానికి పెట్టిన అర్జీ గడువు దాటి చేరటంతో అది దక్కలేదు. ఉద్యోగం వెతుకుతూ కలకత్తా చేరి, 1941లో భారత గణాంక సంస్థలో ప్రవేశించారు. 1944లో ఆయన పాఠం చెబుతుండగా, ఫిషరు సూత్రం చిన్న నమూనాలకు కూడా వర్తించునా అని ఒక శిష్యుడు అడిగాడు. దానికి సమాధానంగా పుట్టిన ఫలితం మరుసటి సంవత్సరం అచ్చయి, నేడు క్రామర్-రావు అసమానతగా ప్రసిద్ధి చెందింది. పక్షపాతం లేని అంచనా ఎంత నేర్పుగా వేసినా, దాని చాంచల్యం ఒక హద్దుకు దిగువకు పోదని దాని సారము. 2023లో ఆయనకు అంతర్జాతీయ గణాంక బహుమతి లభించింది.

కోనసీమ కుటుంబాలకు నాలుగవ యేడంటే మరొక యేటి ఖర్చు. మూడేళ్లకే ముగించి బి.ఎడ్.కో కొలువుకో పోవటంలో తప్పులేదు. అయితే నూటికి 75 మార్కులతో ఈ నాలుగేళ్ల పట్టం పొందినవారు నేరుగా పిహెచ్.డి. ప్రవేశానికి అర్హులు. కనుక ఫీజు కట్టకముందే కళాశాలలో ఒకటి అడిగి తెలుసుకొనండి: వారానికొకసారి మా పిల్లవానితో కూర్చుండి, వాడు వ్రాసిన నిరూపణలో దోషం చూపగల మాష్టారెవరు? ఆ పేరు చెప్పలేనిచోట ఆ 12 క్రెడిట్లు ఎత్తివ్రాతతో నిండుతవి.