పేటల పేర్లలో మిగిలిన పాత బందరు

మచిలీపట్నం: వలందపాలెం, పరాసుపేట, ఇంగ్లీషుపాలెం. ఇంటిపన్ను రశీదులలోనూ, పెళ్లి శుభలేఖలలోనూ నిత్యం కనిపించే ఈ పేర్లు మూడు విదేశీ జాతుల గురుతులని నేటి తరంలో ఎందరికి తెలుసు? హాలెండు దేశస్థులను మన పూర్వులు వలందులన్నారు. ఫ్రెంచివారిని పరాసులన్నారు. వారు కట్టుకున్న భవనాలలో అత్యధికం నేలమట్టమయ్యాయి. పేర్లు మాత్రం జనం నాలుకపై నిలిచాయి.

గోల్కొండ సుల్తానుల ఏలుబడిలో బందరు ఆ రాజ్యానికి ప్రధాన రేవు. ఇక్కడి అద్దకపు వస్త్రాల కోసం డచ్చివారు 1605లో, ఆంగ్లేయులు 1611లో వచ్చి వర్తక స్థావరాలు నెలకొల్పారు. నాటి ఆంగ్లేయులు వీటిని ఫ్యాక్టరీలనేవారు. యంత్రాలుండే కర్మాగారాలుగా వీటిని భావించరాదు. గిడ్డంగి, లెక్కల కచేరీ, ఉద్యోగుల నివాసం ఒకే ప్రహరీలో ఉండే కట్టడాలవి.

పట్టణానికీ సముద్రానికీ నడుమ, చిత్తడి నేలలో ఉన్న బందరుకోటది వేరే కథ. 1750లో బందరు ఫ్రెంచివారి వశమైంది. 1758 డిసెంబరులో చెందుర్తి యుద్ధంలో వారిని ఓడించిన కల్నల్ ఫోర్డు, విజయనగర ప్రభువు ఆనంద గజపతి తోడుగా దక్షిణానికి నడిచాడు. 1759 ఏప్రిల్ 7 రాత్రి, నీరు తీసిన వేళ చూసి, దాటరాదనుకున్న బురద మీదుగా కూడా ఒక దళాన్ని నడిపించి కోటను పట్టుకున్నాడు. తీరాంధ్రలో ఫ్రెంచివారి ప్రాబల్యం దీనితో ముగిసింది. ఇంతటి ఘట్టానికి వేదికైన కోటలో నేడు మిగిలినవి కొద్దిపాటి శిథిల కట్టడాలే.

పట్టణంలోని రాబర్ట్‌సన్‌పేట వెనుక మరో వింత ఉంది. కలెక్టరు రాబర్ట్‌సన్ తాను నెలకొల్పిన ఈ పేటలో అంగడి అలంకారానికి 1830 ప్రాంతంలో అమరావతి స్తూపం శిల్పఫలకాలను తెప్పించాడు. బౌద్ధ శిల్పాన్ని కూరగాయల సంతకు సొగసుగా నిలిపిన ఘనత ఆయనదే! తదుపరి కాలంలో ఆ ఫలకాలు మద్రాసు మ్యూజియానికి తరలిపోయాయి. అంగడి అలంకారం ఆనవాలు లేకుండా పోయింది.

పాత బందరును తుడిచిపెట్టింది 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెన. సముద్రం సాధారణ పోటుమట్టాన్ని 13 అడుగులు మించి లేచి, పట్టణాన్ని ముంచి, సుమారు 17 మైళ్లు లోపలికి చొచ్చుకు వచ్చింది. దాదాపు 30 వేల మంది మరణించారు. 1977 నాటి దివిసీమ విషాదం ఎరిగిన వారికి ఆ రాత్రి ఎటువంటిదో వేరుగా చెప్పనక్కరలేదు. ఆ దెబ్బ నుంచి కోట గానీ, పాత పేటలు గానీ తేరుకోలేదు. తీరం లోతు తక్కువ కావడంతో పెద్ద ఓడలు దూరానే లంగరు వేయవలసి వచ్చేది. అప్పటికే వర్తకం ఇతర రేవులకు మళ్లినందున, కూలినవాటిని తిరిగి కట్టే అవసరం ఎవరికీ లేకపోయింది.

మిగిలినవాటికి శత్రువు ఉప్పునేల. చెమ్మతో పాటు ఉప్పు గోడలోకి పాకుతుంది. చెమ్మ ఆరినపుడు లోపల ఉప్పు పలుకులుగా గట్టిపడి, ఇటుకను పొడిపొడిగా రాలుస్తుంది. సున్నపు గారకు గాలి ఆడుతుంది కనుక గోడ కొంత ఆరుతుంది. మరమ్మతు పేరిట సిమెంటు పూస్తే చెమ్మ లోపలే బంధితమై నష్టం రెట్టింపవుతుంది. పగుళ్లలో మొలిచే రావి మొక్కను చిన్ననాడే వేరుతో పెకలించకపోతే, తర్వాత గోడను కూల్చకుండా దానిని తీయడం దుస్సాధ్యం. ఈ పనులకు భారీ నిధులు అక్కరలేదు, ఏటేటా శ్రద్ధ ఉండాలి.

మంగినపూడి ప్రాంతంలో కొత్త ఓడరేవుకు 2023 మేలో శంకుస్థాపన జరిగింది. రేవు రావడం బందరు ప్రజల చిరకాల వాంఛ. రేవు వెంట రోడ్లు, గిడ్డంగులు, స్థలాల క్రయవిక్రయాలు వస్తాయి. ఆలోగా కోట హద్దులు కొలిచి రాళ్లు పాతడం, మిగిలిన ప్రతి కట్టడానికీ కొలతలతో పటం గీయించడం అధికారులు చేయదగిన కనీస పని. డచ్చి శ్మశానంలోని 17వ శతాబ్దపు సమాధి ఫలకాలపై చెక్కిన కులచిహ్నాలు, అక్షరాలు ఉప్పుగాలికి అరిగిపోకముందే వాటి నకళ్లు తీయించవలసి ఉంది.