కొండ మీద కట్టేదెవరు, కొండ కింద మునిగేదెవరు

జమ్మలమడుగు నుంచి గండికోట పదిహేను కిలోమీటర్లు. ఎర్రమల కొండల్ని పెన్న కోసుకుంటూ పోయిన లోయ చూడ్డానికి ప్రొద్దుటూరు నుంచి, పులివెందుల నుంచి, బెంగళూరు నుంచి కూడా జనం వస్తారు. ఎర్రరాతి గోడలు, మాధవరాయ స్వామి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం, దూరం నుంచి చార్మినార్‌లా కనిపించే పావురాల గోపురం, అన్నీ ఫోటోల్లోకి ఎక్కుతాయి. ఎక్కనిదల్లా ఊరు. కోట గుమ్మం దాటగానే మొదట తగిలేది గండికోట గ్రామమే. ఇళ్లు, పశువులు, బడికి పోయే పిల్లలు. పెమ్మసాని నాయకుల కోట ఇది. 1650 ప్రాంతంలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా దీన్ని పట్టుకున్నాడు. 1652లో ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే ఇక్కడికొచ్చి మీర్ జుమ్లాను కలిసి, చూసింది రాసుకున్నాడు. రాజులు, నవాబులు వచ్చి పోయారు. ఊరు మాత్రం మిగిలింది.

ఈ ఊళ్లో ఇల్లు కట్టుకోవడం అంత తేలిక కాదు. కోట, గుళ్లు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. 1958 నాటి చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్ల లోపల కొత్త నిర్మాణం కూడదు. ఆపైన మరో 200 మీటర్ల దాకా కట్టాలంటే అనుమతి కావాలి. ఉన్న ఇంటికి మరమ్మతు చేసుకోవాలన్నా అర్జీ పెట్టుకోవాల్సిందే. కోటను కాపాడాలి, అందులో రెండో మాట లేదు. కానీ కొడుక్కి పెళ్లయితే పక్కన ఒక గది వేసుకోవడం ఏ ఊళ్లోనైనా మామూలు సంగతి. ఇక్కడ అదే పెద్ద వ్యవహారం. తరతరాలుగా ఈ రాళ్ల మధ్య బతికినవాళ్లను ఆక్రమణదారులను చూసినట్టు చూస్తే బాధ కలుగుతుంది.

కొండ దిగితే ఇంకో కథ. గాలేరు-నగరి సుజల స్రవంతిలో భాగంగా కట్టిన గండికోట జలాశయం సామర్థ్యం 26.85 టీఎంసీలు. కొండాపురం, ముద్దనూరు, మైలవరం మండలాల్లోని ఊళ్లను అది ముంచింది. ఈ సీమలో పాత ఇల్లంటే మట్టిమిద్దె. రాతిగోడలు, దూలాల మీద దంతెలు, వాటిపైన చవుడు మట్టి, నడిమింట్లోకి వెలుతురు దిగేందుకు గవాచి. వానాకాలానికి ముందు చవుడు తోలించి మిద్దె మీద పరిచి తొక్కుతారు. అది సరిగా పరవకపోతే ఆ ఏడాదంతా ఇల్లు కారుతుంది. పెరట్లో పశువులకు గాడిపాడు, గడ్డివామి వేసుకునే చోటు ఉంటాయి. పరిహారం లెక్కలో గోడకు, కప్పుకు ఇంత అని విలువ పడుతుంది. పునరావాస కాలనీలో దక్కేది మాత్రం కొన్ని సెంట్ల చోటు, అందులో మనుషులకే ఇరుకు. ఎద్దుల జత ఉన్న రైతు వాటిని ఎక్కడ కట్టేయాలి? పునరావాస ప్యాకేజీ మీద జరిగిన వాదనల్లో ఈ ప్రశ్నకు జాగా దొరికినట్టు నాకు కనిపించలేదు.

2020 సెప్టెంబరులో ముంపు ఊళ్లలో ఒకటైన తాళ్లప్రొద్దుటూరు జనం రోడ్డెక్కారు. ప్యాకేజీ పూర్తిగా చేతికందక ముందే జలాశయంలో నీళ్లు పెంచుతున్నారని, పునరావాసం తేల్చాకే పెంచాలని పట్టుబట్టారు. ఆ వానాకాలంలోనే నీళ్లు ఊళ్లోకి వచ్చాయి. సామాన్లు సర్దుకోవడం, ఇంటి తలుపులు, వాకిళ్లు ఊడదీసుకోవడం, బంధువుల ఊళ్లో చోటు వెతుక్కోవడం, అన్నీ ఒకేసారి మీద పడితే మనిషి బేరమాడే స్థితిలో ఉండడు. గుమ్మంలోకి నీళ్లొచ్చాక జరిగే చర్చను చర్చ అనకూడదు.

నేను జలాశయం వద్దనే మనిషిని కాను. గండికోట నుంచి ఎత్తిపోసిన నీళ్లు పైడిపాలెం జలాశయానికి, చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయరుకు వెళ్తాయి. బోర్ల మీద బోర్లు వేసి అప్పులపాలైన పులివెందుల చీనీ రైతును అడిగితే ఆ నీళ్ల విలువ చెబుతాడు. దిగువన మైలవరం కాలువల కింద సాగయ్యే పొలాలూ ఉన్నాయి. అయితే ఈ నీళ్ల కోసం ఇల్లు వదులుకున్నది ఆ తోటల యజమానులు కాదు. 2013 నాటి భూసేకరణ చట్టంలో ఒక మంచి మాట ఉంది. సాగునీటి ప్రాజెక్టయితే, భూములు మునగడానికి ఆరు నెలల ముందే పునరావాసం పూర్తి కావాలి. గండికోట భూసేకరణ ఆ చట్టం రాకముందే మొదలైంది, నిజమే. ఆ న్యాయాన్ని పాటించడానికి మాత్రం ఏ పాత చట్టమూ అడ్డు రాదు.

మళ్లీ కొండ మీదికి వద్దాం. 2023 జులై 9న అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి గండికోటలో ఒబెరాయ్ హోటల్‌కు శంకుస్థాపన చేశారు. రాష్ట్రంలో ప్రభుత్వం మారాక 2024 నవంబరులో కేంద్రం గండికోట అభివృద్ధికి 77.91 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. పార్టీలు వేరైనా కొండ మీద కట్టాలన్న ఆలోచన ఒకటే. హోటల్ నిబంధనలకు విరుద్ధమని నేననడం లేదు. ఉద్యోగాలు వస్తే మన పిల్లలకే మంచిది. నన్ను బాధించేది ఈ నిర్ణయం జరిగిన దారి. విజయవాడలోనో ఢిల్లీలోనో కాగితం కదులుతుంది, ఊరికి తెలిసేది శిలాఫలకం లేచాక.

తిరుపతిలో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. అలిపిరి దగ్గర ముంతాజ్ హోటల్‌కు ఇచ్చిన అనుమతిని ముఖ్యమంత్రి చంద్రబాబు 2025 మార్చిలో రద్దు చేశారు. ఏడుకొండలకు ఆనుకుని అలాంటి కట్టడాలు వద్దన్నారు. అక్కడ పీఠాధిపతులు కదిలారు, భక్తులు కదిలారు. మంజూరైన నిర్ణయాన్ని వెనక్కి తీసుకోవడం ప్రభుత్వానికి అసాధ్యమేమీ కాదని తేలిపోయింది. తాళ్లప్రొద్దుటూరు రైతు వెనక అంత బలగం లేదు.

ఇప్పుడు గండికోట దగ్గరే 1000 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ విద్యుత్ కేంద్రం రాబోతోంది. ఈ జలాశయం నీళ్లనే కొండ మీదికి ఎక్కించి, కరెంటు కావలసినప్పుడు కిందికి వదిలే ఏర్పాటు అది. పనులు జోరందుకోకముందే అధికారులు మ్యాపు పట్టుకుని గండికోట గ్రామసభకు రావాలి. ఏ పొలం పోతుంది, పశువులు మేసే ఏ మిట్టకు కంచె పడుతుంది, కోటలోపలి ఇళ్లకు మరమ్మతు అనుమతులు ఎన్నాళ్లలో ఇస్తారు, కాలనీల్లో ఇంకా ఎవరికి ఎంత బాకీ ఉంది, ఇవన్నీ రచ్చబండ దగ్గర తెలుగులో చదివి వినిపించాలి. ఊరి జవాబు రాసుకుని, దానిమీద సర్పంచి సంతకం తీసుకుని, ఆ కాగితాన్ని ఫైలులో మొదటి పేజీగా పెట్టాలి.