వాయిదా తేదీ చెప్పే నంబరు

దావాలో ఉన్నవాడికి తీర్పు కన్నా ముందు కావలసింది వాయిదా తేదీ. అది తప్పితే ఏమవుతుందో 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని ఆర్డర్ 9 చెబుతుంది. పిలిచినప్పుడు వాది పలక్కపోతే దావా డిఫాల్ట్ కింద కొట్టేయొచ్చు. ప్రతివాది రాకపోతే ఎక్స్‌పార్టీగా నడిపించొచ్చు. ఆ తర్వాత ఫైలు మళ్లీ తెరిపించాలంటే వేరే పిటిషన్, రాలేకపోయిన కారణానికి రుజువు, ఖర్చులు. రాంబిల్లి నుంచో ఏటికొప్పాక నుంచో ఎలమంచిలి కోర్టుకు వచ్చే రైతుకి గట్టు తగాదాలో ఎదుటి పక్షం కన్నా ఈ తేదీ అంటేనే ఎక్కువ భయం.

ఆ తేదీ ఒకప్పుడు రెండే చోట్ల ఉండేది: కోర్టు బెంచి గుమస్తా డైరీలో, వకీలుగారి గుమస్తా డైరీలో. జడ్జిగారు సెలవులో ఉన్నా, ఆ స్థానమే ఖాళీగా ఉన్నా, మళ్లీ ఎప్పటికి వేశారో తెలుసుకోవడానికి ఇంకోసారి బస్సెక్కాలి, ఇంకో రోజు కూలి పోవాలి. ఆ డైరీల్లోంచి తేదీని బయటికి తెచ్చింది ఒక సాఫ్ట్‌వేర్, అది ప్రతి కేసుకీ ఇచ్చే 16 అక్షరాల సీఎన్ఆర్ (కేస్ నంబర్ రికార్డ్) నంబరు.

ఆ సాఫ్ట్‌వేర్ కథ 2004 చివర్లో సుప్రీంకోర్టు ఈ-కమిటీ ఏర్పడటంతో మొదలైంది. కర్ణాటక హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేసి, అక్కడి కోర్టులకు కంప్యూటర్లు తేవడానికి పాటుపడిన జస్టిస్ జి.సి. భరూకా దానికి అధ్యక్షుడు. 2005లో కమిటీ ప్రణాళిక ఇచ్చింది. 2007లో ఈ-కోర్ట్స్ మొదటి దశ మొదలై, అది ముగిసేసరికి 14,249 కోర్టుల్లోకి కంప్యూటర్లు చేరాయి.

పెట్టెలు చేరడం సులువైన భాగమే. అసలు చిక్కు పేర్ల దగ్గర వచ్చింది. మన దగ్గర సివిల్ దావా అంటే ఒరిజినల్ సూట్, ఓ.ఎస్. మహారాష్ట్రలో అదే రెగ్యులర్ సివిల్ సూట్. ఒక్కో హైకోర్టుకీ సొంత నిబంధనలు, సొంత రిజిస్టర్లు, సొంత ఫారాలు. దేశమంతటికీ ఒకే ప్రోగ్రాం రాస్తే ఏ రాష్ట్రానికీ సరిపోదు. ఎవరికి వారు రాసుకుంటే ఒకరి లెక్క ఇంకొకరి లెక్కతో కలవదు. పుణెలోని నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటర్ (ఎన్ఐసీ) ఇంజనీర్లు ప్రోగ్రాంను రెండు పొరలుగా విడదీశారు. దేశమంతా మారకుండా ఉండే లోపలి పొర ఒకటి: దాఖలు, వాయిదా, దశ, పరిష్కారం, వీటన్నిటికీ ఉమ్మడి సంకేతాలు. దాని చుట్టూ ఒక్కో హైకోర్టు తన నిబంధనల ప్రకారం కట్టుకునే పై పొర ఇంకొకటి. దీన్ని ఉచిత, ఓపెన్ సోర్స్ పరికరాలతోనే కట్టారు. న్యాయమూర్తుల ల్యాప్‌టాప్‌లలో కూడా ఉబుంటూ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమే. ఈ కథ మొత్తంలో నాకు అన్నిటికన్నా తెలివైన నిర్ణయంగా కనిపించేది ఈ రెండు పొరల ఏర్పాటే. ఎలమంచిలి ఓ.ఎస్. ఓ.ఎస్.గానే ఉంటూ దేశం లెక్కలో కలిసింది.

ఇక నంబరు సంగతి. ఓ.ఎస్. 45/2015 అన్నారనుకోండి. అలాంటిది ఎలమంచిలిలోనూ ఉండొచ్చు, చోడవరంలోనూ, నర్సీపట్నంలోనూ ఉండొచ్చు. సీఎన్ఆర్ ఆ గందరగోళం తీర్చింది. మొదటి రెండు అక్షరాలు రాష్ట్రానికి, తర్వాతి రెండు జిల్లాకి, ఆపై రెండు ఆ కోర్టుకి, ఆరంకెలు దాఖలు వరసకి, చివరి నాలుగు సంవత్సరానికి. దేశంలో ఏ రెండు కేసులకీ ఒకే నంబరు రాదు. 2022 ఏప్రిల్ 4న మన ఎలమంచిలి ఉన్న అనకాపల్లి జిల్లా పుట్టినప్పుడు రెవెన్యూ హద్దులు మారాయి. న్యాయ జిల్లాల హద్దులు మాత్రం వాటితోపాటే మారలేదు. మన కోర్టు విశాఖపట్నం కింద వెతకాలా, అనకాపల్లి కింద వెతకాలా అని తడుముకునేవారికి సీఎన్ఆర్ కొడితే చాలు, జిల్లా ఎంచుకునే పనే లేదు.

2013 ఆగస్టు 7న ఈ-కోర్ట్స్ పోర్టల్ మొదలైంది. పెండింగ్ కేసుల లెక్కను ఎవరైనా చూడగలిగే నేషనల్ జ్యుడీషియల్ డేటా గ్రిడ్ 2015 సెప్టెంబరు 19న జనానికి తెరుచుకుంది. 2017లో మొబైల్ యాప్ వచ్చింది. ఇప్పుడు జూనియర్ వకీలు తన కేసులన్నీ అందులో ఒకేచోట దాచుకుని, రేపటి కాజ్ లిస్టు రాత్రే చూసుకుంటున్నాడు. యాప్ వాడకం పుస్తకం తెలుగుతో సహా 14 భాషల్లో ఉంది. స్మార్ట్‌ఫోను లేని కక్షిదారు కూడా సీఎన్ఆర్‌ను ఎస్సెమ్మెస్ పంపి కేసు ఏ దశలో ఉందో తెప్పించుకోవచ్చు. తాలూకా బారులో లా రిపోర్టుల బీరువా ఉన్న సీనియరు ఆఫీసుకీ అది లేని జూనియరుకీ మధ్య ఉన్న దూరం కూడా ఈ కాలంలోనే తగ్గింది: 2008లో సుశాంత్ సిన్హా మొదలుపెట్టిన తీర్పుల వెబ్‌సైటు ఇండియన్ కానూన్, 2023 జనవరిలో సుప్రీంకోర్టు తన తీర్పుల కోసం ఉచితంగా తెరిచిన ఈ-ఎస్సీఆర్ వల్ల.

ఇంత పెద్ద యంత్రమూ ఒక మనిషి చేతి మీదే నడుస్తోంది. కోర్టు ముగిశాక బెంచి గుమస్తా కూర్చుని ఆ రోజు పిలిచిన ప్రతి కేసుకీ తర్వాతి తేదీ, దశ ఎక్కించాలి. అవి అక్కడి సర్వర్ నుంచి దేశపు గ్రిడ్‌కు చేరతాయి. వాయిదాలు బోలెడు పడ్డ రోజున ఆయన పని రాత్రి దాకా సాగుతుంది. చేతి రిజిస్టర్లు కూడా రాయాల్సి వస్తే ఒకే పని రెండుసార్లు. దీనికి తగినంతమంది సిబ్బందిని ఇవ్వకుండా కొత్త హంగులు జోడించడం న్యాయం కాదు.

భాషది మరో లోటు. కింది కోర్టుల భాషగా తెలుగును మన ప్రభుత్వం ఎన్నడో ప్రకటించింది. తీర్పుల అనువాదానికి 2019లో సువాస్ సాఫ్ట్‌వేర్ వచ్చింది. కానీ కక్షిదారుకి రోజూ కావలసింది తీర్పు కాదు, ఆ పూట కోర్టులో ఏం జరిగిందన్న ఒక్క ముక్క. 'ఫర్ ఎవిడెన్స్', 'కాల్ ఆన్' అని తెర మీద కనిపిస్తే సాక్షిని వెంటబెట్టుకు రావాలో వద్దో ఆయనకి తెలియదు, వకీలుగారి గుమస్తాని అడగాల్సిందే. దశలకు ఉమ్మడి సంకేతాలు ఎలాగూ ఉన్నాయి కాబట్టి, ఒక్కో సంకేతానికీ ఒకసారి తెలుగు మాట రాసిపెడితే చాలు. 7,210 కోట్ల రూపాయలతో 2023లో కేంద్రం ఆమోదించిన ఈ-కోర్ట్స్ మూడో దశలో ఇది ఎంతో చిన్న ఖర్చు.

యాప్ వాడేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. అందులో కనిపించేది సమాచారం మాత్రమే, చట్టపరమైన అవసరాలకు చెల్లదని పోర్టలే చెబుతుంది. తేదీ పొరపాటున తప్పుగా ఎక్కితే కోర్టు చూసేది ఫైలులోని డాకెట్‌నే. అప్పీలుకి కావలసిన సర్టిఫైడ్ నకలుకు నకలు దరఖాస్తు పెట్టుకోవాలి. వాయిదాకి ముందురోజు కాజ్ లిస్టు ఒకసారి చూసుకుని, అనుమానం ఉంటే వకీలుగారికి ఫోను చేసి, ఆ తర్వాతే ఎలమంచిలి బస్సెక్కడం మంచిది.