సిరా చాలదు, ముఖాముఖి కావాలి

సికింద్రాబాద్ నుంచి మేడ్చల్ వెళ్లే ఎంఎంటీఎస్ రైళ్లు 2023 ఏప్రిల్‌లో మొదలయ్యాయి. బొల్లారం, గుండ్లపోచంపల్లి దాటాక గౌడవెల్లి వస్తుంది. ఆ మధ్య మా సంఘంలోని ఓ పెద్దావిడను చూడడానికి ఆ రైల్లోనే గౌడవెల్లి వెళ్లాం. పెట్టెలో అందరి చూపూ అరచేతిలోని ఫోను మీదే. దూరదేశంలోని కొడుకుతో మాట్లాడుతున్నాం గానీ, పక్కన కూర్చున్న మనిషిది ఏ ఊరో అడగడం లేదు.

ఫోను చెడ్డదని కాదు. 1844 మే 24న శామ్యూల్ మోర్స్ వాషింగ్టన్ నుంచి బాల్టిమోర్‌కు పంపిన ప్రసిద్ధ టెలిగ్రాఫ్ సందేశం బైబిల్లోని సంఖ్యాకాండం 23వ అధ్యాయంలోని మాటే. 1992 డిసెంబర్ 3న వెళ్లిన మొట్టమొదటి ఎస్సెమ్మెస్ క్రిస్మస్ శుభాకాంక్ష. 2020 లాక్‌డౌన్‌లో చర్చిల తలుపులు మూతపడినప్పుడు వాక్యాన్ని ఇంటింటికీ చేర్చింది కూడా ఈ ఫోనే. అందుకు దేవుణ్ని స్తుతించాల్సిందే.

అయితే ఆ పెద్దావిడ విషయంలో మేము చేసిందేమిటి? ఆమె జబ్బుపడ్డారని సంఘం వాట్సాప్ గ్రూపులో కబురు రాగానే, జోడించిన చేతుల బొమ్మలు వరుస కట్టాయి. మేమూ ఒకటి పంపి, ప్రార్థన చేసేసినట్టే తృప్తిపడ్డాం. ఆమె గడప తొక్కింది మాత్రం పది రోజుల తర్వాతే. మమ్మల్ని కూర్చోమని ఆమె అన్నారు: ‘‘నాకు ఫోన్‌ల సదువరాదు బిడ్డా. ఎవరన్నా వస్తరేమోనని దర్వాజ దిక్కే చూసుకుంట ఉన్న.’’ మా దగ్గర జవాబు లేదు. మేము పంపిన బొమ్మలన్నీ ఒకరికొకరం చూపించుకున్నవే. ఆమెకు చేరింది ఒక్కటీ లేదు.

కాగితం, సిరా ఆనాటి సాధనాలు. అపొస్తలుడైన యోహాను వాటిని చక్కగా వాడుకున్నాడు. కానీ 13 వచనాలే ఉన్న తన రెండో పత్రిక చివర ఆయన ఓ మాట చెప్పాడు. రాయాల్సింది ఇంకా చాలా ఉందట, అయినా సిరాతో, కాగితంతో రాయడం ఇష్టం లేదట. స్వయంగా వచ్చి ముఖాముఖిగా మాట్లాడితేనే సంతోషం సంపూర్ణమవుతుందట (2 యోహాను 12). మూడో పత్రికనూ అలాగే ముగించాడు. ఉత్తరం ప్రేమను మోసుకెళ్తుంది, మనిషి రాకతో అది పరిపూర్ణమవుతుంది.

దేవుడు మనపట్ల చేసిందీ అదే కదా! ప్రవక్తల ద్వారా ఎన్నో వర్తమానాలు పంపిన తండ్రి, చివరికి తన కుమారుణ్నే పంపాడు. వాక్యం శరీరధారియై మన మధ్య నివసించింది (యోహాను 1:14). కుష్ఠరోగిని మాటతోనే బాగుచేయగల ప్రభువు, చెయ్యి చాపి అతణ్ని ముట్టుకున్నాడు. రోగిగా ఉన్న తనను చూడవచ్చినవారిని తీర్పు దినాన గుర్తు చేసుకుంటానన్నాడు (మత్తయి 25:36). బొమ్మ పంపినవారి ప్రస్తావన అక్కడ లేదు.

ఈ ఆదివారం ఆరాధన ముగిశాక ఫోను కాసేపు జేబులోనే ఉంచుదాం. చాలాకాలంగా గుడికి రాలేకపోతున్న ఒక్కరి ఇంటికైనా వెళ్దాం. పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని ప్రార్థిద్దాం. దర్వాజ వైపు చూసే కళ్లు మన ఊళ్లోనూ ఉన్నాయి.