నిమ్మనారు: తల్లిచెట్టు నెంచుట

నిమ్మతోట వేయదలచిన సభ్యులు మొదట నడుగునది మొక్క వెల యెంత యనియే. అది యే తల్లిచెట్టుదని యడుగువా రరుదు. ఒకసారి నాటిన నిమ్మ పదునైదేండ్లకు పైగా భూమిని వదలదు గనుక ఈ సంగతి కొంత విపులముగ వ్రాయుచున్నాము.

నిమ్మకు శాస్త్రజ్ఞు లిడిన పేరు సిట్రస్ ఆరాన్షిఫోలియా. జన్యుపరిశోధనలనుబట్టి దీనికి తండ్రి మన మాదీఫలము; తల్లి ఫిలిప్పీను దీవులలోని మైక్రాంథా యను చిన్నకాయల జాతి. సంకరజాతి గింజ తల్లిని పోలదని రైతు లెల్ల రెరుగుదురు. నిమ్మ మాత్రము చాలవరకు పోలును. ఏలయన, దీని యొక్క గింజనుండి రెండుమూడు మొలకలు వచ్చుట కలదు. వానిలో పెక్కు పుప్పొడితో నిమిత్తము లేక తల్లి కణములనుండియే పుట్టినవి. నారుమడిలో మిక్కిలి పొట్టివానిని, ఆకుతీరు మారినవానిని పీకివేయు మనుట తక్కినవి తల్లిపోలిక నిలుపుకొనుటకే.

అంటుమొక్క త్వరగా కాచును గదా యని కొంద రందురు. నిజమే. అంటు మూడవయేట కాపునకు వచ్చినచో నారుమొక్కకు నాలుగైదేండ్లు పట్టును. కాని ట్రిస్టిజా యను వైరసు సోకిన చెట్టునుండి తీసిన అంటు ఆ తెగులును వెంటదెచ్చును. గింజద్వారా అది రాదు. పిదప పేనుబంకవలన తోటలో సోకవచ్చును గాని, తెగులును మనమే కొనితెచ్చి నాటుట వేరు. రెండేండ్లు ముందుగా కాయు తోటకంటె నిలుచు తోటయే మేలని మా యభిప్రాయము.

అనుమానము గల చెట్టు లేతాకును వెలుతురున కెదురుగ పట్టిచూడవలెను. ఈనెలు అచ్చటచ్చట తేటబారి కన్పించినను, కొమ్మ బెరడు వలిచినపుడు కొయ్యపై గుంటలున్నను ఆ చెట్టును విడువవలెను. కాయల గుత్తిని చూచి మురిసిపోరాదు.

గజ్జితెగులు మరియొక శత్రువు. మచ్చపడిన కాయకు రసము తగ్గకున్నను బజారులో వెల తగ్గును. ఇది సూక్ష్మజీవివలన గలిగి వానచినుకులతో, గాలితో వ్యాపించును. ఆకుతొలుచు పురుగు చేసిన గాయములు దీనికి ద్వారములు. వానలకు ముందే తెగులుకొమ్మలను కోసి కాల్చి, లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడు కలిపి చల్లవలెను. బాలాజీ రకము దీనిని కొంత తట్టుకొనును.

ఆరుమీటర్ల యెడమున నాటిన ఎకరమునకు సుమారు 110 మొక్కలు పట్టును. నీరు మొదలునకు తగులకుండ జోడుపాదులు చేయుట మరువరాదు. లేనిచో బంకతెగులు పుట్టును.

నిమ్మగింజ యెండిన మొలకశక్తి పోవును. పండు కోసిన వెంటనే గింజ కడిగి, నీడన ఆరనిచ్చి, ఆలస్యము లేక విత్తవలెను. కావున తోట వేయగోరు సభ్యులు పదిమంది కలిసి, పైరీతిగ పరీక్షించిన ఒకే తల్లితోట పండ్లను కొని, ఒక్కచోట నారుపోసికొనుట సులభము.