సెమీ రికంబెంట్ సైకిల్: సీటు ఎక్కడ ఉండాలో ఫోన్‌తోనే తేల్చుకోవచ్చు!

వీపు సీటుకి ఆన్చి, కాళ్లు ముందుకు చాపి తొక్కే సైకిల్‌ని రికంబెంట్ అంటారు. పూర్తిగా పడుకున్నట్టు కాకుండా, కుర్చీలో కొంచెం వెనక్కి వాలినట్టు కూర్చునే రకం సెమీ రికంబెంట్. వీడియోల్లో చూస్తే సోఫాలో కూర్చుని వెళ్తున్నట్టే ఉంటుంది. కానీ సీటు పొజిషన్ కుదరకపోతే కాసేపట్లోనే మోకాలు, నడుము, పాదం ఒకదాని తర్వాత ఒకటి నొప్పి మొదలవుతుంది.

మా ఇంట్లో దీని అవసరం బాపుకి వచ్చింది. నెక్కొండలో ఇంటి నుంచి పొలానికి ఆయన ఏళ్ల తరబడి మామూలు సైకిల్ మీదే తిరిగాడు. నడుం నొప్పి, అరచేతుల తిమ్మిరి ఎక్కువయ్యాక, ముందుకి వంగి తొక్కొద్దని డాక్టర్ చెప్పారు. బాపుకి బైక్ నడపడం రాదు. పొలానికి వెళ్లాలంటే ప్రతిసారీ నన్ను అడగాలి. అలా అడగడం ఇష్టం లేక వెళ్లడమే తగ్గించాడు. అందుకే హైదరాబాద్ నుంచి సెకండ్‌హ్యాండ్‌లో ఒక సెమీ రికంబెంట్ తెప్పించాను. దానికి సీటు సెట్ చేసేవాళ్లు మా దగ్గర లేరు. నా దగ్గర ఉన్నవి ఒక అలెన్ కీ సెట్, ఒక టేపు, ఒక ఫోన్. వీటితో పని ఎలా అయిందో చూద్దాం.

సీటు దగ్గర ఇంత పట్టింపు ఎందుకు?

మామూలు సైకిల్ మీద ఒంటి బరువుని సీటు, హ్యాండిల్, పెడల్స్ పంచుకుంటాయి. గుంత వస్తే పెడల్స్ మీద లేస్తాం, నొప్పి పుడితే కాస్త జరుగుతాం. సీటు ఎత్తు కొంచెం తేడా ఉన్నా ఒళ్లే సర్దుకుంటుంది. సెమీ రికంబెంట్‌లో లేచి నిలబడే ఛాన్స్ లేదు. ఒక సెంటీమీటర్ తేడా ఉంటే అది ప్రతి తొక్కుడికీ రిపీట్ అవుతుంది. పెడల్ నిమిషానికి 60 రౌండ్లు తిరిగితే అరగంటలో ఒక్కో మోకాలు 1800 సార్లు ఆ తేడాని భరిస్తుంది.

ఈ డిజైన్ కొత్తదేం కాదు, స్లో అంతకన్నా కాదు. 1933లో పారిస్‌లో ఫ్రాన్సిస్ ఫోర్, ఛార్ల్స్ మోషే తయారుచేసిన రికంబెంట్ మీద గంటలో 45.055 కిలోమీటర్లు వెళ్లాడు. 1914లో ఆస్కార్ ఎగ్ పెట్టిన 44.247 కిలోమీటర్ల రికార్డు అలా దాటిపోయింది. 1934లో అంతర్జాతీయ సైక్లింగ్ సంస్థ యూసీఐ ఇలాంటి సైకిళ్లని రికార్డుల లెక్క నుంచి తప్పించింది. రేసులు మామూలు డిజైన్‌తోనే సాగాయి. దాంతో మామూలు సీటు ఎత్తు చెప్పేవాళ్లు ఏ ఊళ్లోనైనా ఉంటారు గానీ, దీని గురించి తెలిసినవాళ్లు దొరకడం కష్టం.

స్టెప్ 1: ముందు దూరం

మొదట చూడాల్సింది కుషన్ కాదు, సీటుకీ పెడల్‌కీ మధ్య దూరం. పెడల్‌ని అన్నిటికన్నా దూరంగా ఉండే పాయింట్‌కి తెచ్చి మడమ దాని మీద పెట్టాలి. నడుము పక్కకి జరగకుండా కాలు నిటారుగా చాచగలిగితే దూరం దాదాపు సరిపోయినట్టే. తర్వాత పాదం ముందు భాగం పెడల్ మీద పెడితే మోకాలు కొద్దిగా వంగుతుంది. ఎంత వంగాలి? నిటారు కాలుతో పోలిస్తే 25 నుంచి 35 డిగ్రీలు. సైకిల్ ఫిట్టింగ్‌లో సాధారణంగా వాడే లెక్క ఇదే.

ఇది కంటితో తెలియదు. ఫోన్ కెమెరా ఇక్కడే పనికొస్తుంది:

- తుంటి పక్క ఎముక, మోకాలి పక్క, చీలమండ మీద మూడు స్టిక్కర్లు అంటించండి.
- వెనక చక్రం గాల్లో ఉండేలా సైకిల్‌ని స్టాండ్ మీద పెట్టి, ఒకరు గట్టిగా పట్టుకోండి.
- ఫోన్‌ని మోకాలి ఎత్తులో, మూడు మీటర్ల దూరంలో, సరిగ్గా పక్క నుంచి పెట్టండి. అల్ట్రావైడ్ లెన్స్ వద్దు, అంచుల్లో గీతలు వంగుతాయి.
- కాలు బాగా చాచిన ఫ్రేమ్‌ని స్క్రీన్‌షాట్ తీసి, గ్యాలరీలోనే గీతలు గీసి కోణం కొలవండి.

దీనికి ఖరీదైన ఫోన్ అక్కర్లేదు. నిమిషానికి 60 రౌండ్లంటే సెకనుకి ఒకటి. 60 ఎఫ్‌పీఎస్ వీడియోలో ప్రతి 6 డిగ్రీలకీ ఒక ఫ్రేమ్ వస్తుంది. ఈ పనికి అది చాలు.

బాపుని అడిగితే, "మంచిగనే ఉందిరా" అన్నాడు. వీడియో ఇంకోటి చెప్పింది. మోకాలు 15 డిగ్రీలే వంగుతోంది, ప్రతి రౌండ్‌కీ నడుము అటూ ఇటూ ఊగుతోంది. సీటు 2 సెంటీమీటర్లు ముందుకి జరిపితే 28 డిగ్రీలకి వచ్చింది, ఊగడం ఆగింది. అప్పుడు మెల్లగా అసలు మాట బయటపెట్టాడు: "మోకాలెనక గుంజుడు తగ్గింది."

గుర్తుపెట్టుకోండి: మోకాలి ముందు భాగం నొప్పి పెడితే సీటు మరీ దగ్గరగా ఉండొచ్చు. వెనక గుంజితే మరీ దూరంగా ఉండొచ్చు. ఒకసారికి ఒక్క మార్పే చేయండి, అదీ సెంటీమీటర్ మించకుండా.

స్టెప్ 2: వెన్ను వాలు

ఫోన్‌లోని యాక్సిలరోమీటర్ భూమ్యాకర్షణ దిశని బట్టి వాలు చెప్పేస్తుంది. జర్మనీలోని ఆహెన్ యూనివర్సిటీ వాళ్ల ఫైఫాక్స్ యాప్ ఆండ్రాయిడ్‌లో, ఐఫోన్‌లో ఫ్రీగా దొరుకుతుంది. ముందు నేల వాలు కొలిచి, తర్వాత ఫోన్‌ని వెన్నుపలకకి ఆనించి, తేడా తీసుకోండి.

మాకు వచ్చినప్పుడు వెన్నుపలక నేల నుంచి 50 డిగ్రీల మీద ఉంది. స్పీడుకి అది బాగుంటుంది. కానీ రోడ్డు చూడ్డానికి బాపు మెడ ముందుకి పెట్టాల్సి వచ్చేది, ఒళ్లు ముందుకి జారేది. 62 డిగ్రీలకి లేపి, సీటు ముందు అంచు కాస్త ఎత్తు చేశాను. జారుతున్నారో లేదో తెలుసుకోవాలంటే ఎక్కగానే ఒక ఫొటో, వచ్చాక ఒక ఫొటో తీయండి. నడుముకీ వెన్నుపలకకీ మధ్య అరచేయి పట్టేంత ఖాళీ వస్తే జారుతున్నట్టే.

ఒక ముఖ్యమైన విషయం: వాలు మారితే తుంటి స్థానం కూడా మారుతుంది. కాబట్టి స్టెప్ 1 మళ్లీ చెక్ చేయాల్సిందే.

స్టెప్ 3: చేతులు, పాదాలు

మోచేతులు కొద్దిగా వంగి, భుజాలు వదులుగా ఉండాలి. హ్యాండిల్ పూర్తిగా తిప్పినా మోకాలికి తగలకూడదు. వేళ్లు తిమ్మిరెక్కితే బూటు లేసులు వదులు చేసి, పాదం మధ్య భాగం పెడల్ మీదకి వచ్చేలా కొంచెం ముందుకి పెట్టి చూడండి.

చెప్పులతో మాత్రం తొక్కొద్దు. కాళ్లు ముందుకి చాపి ఉంటాయి కాబట్టి, వేగంలో పాదం జారి నేలకి తగిలితే కాలు సైకిల్ కిందికి లాగేసుకునే ప్రమాదం ఉంది. వెనక పట్టీ ఉన్న శాండల్స్ అయినా వేసుకోవాలి, పెడల్స్‌కి గ్రిప్ ఉండాలి.

నెక్కొండ రోడ్ల మీద ఎలా ఉంది?

కోతల కాలంలో మా వైపు రోడ్డుకి ఒక పక్కంతా వడ్లు, మక్కలు ఆరబోస్తారు. మిగిలిన సగంలోనే ఆటోలు, ట్రాక్టర్లు, మనం. కింద కూర్చుంటాం కాబట్టి వెనక పొడవాటి కర్రకి జెండా, పక్కన అద్దం తప్పనిసరి. స్పీడ్ బ్రేకర్ దగ్గర లేవలేం, స్లో చేయాల్సిందే. టైరు పక్కన ముద్రించిన రేంజ్ దాటకుండా గాలి కాస్త తగ్గిస్తే కుదుపు తగ్గింది. ఎండాకాలంలో ఫోమ్ సీటు వీపుని తడిపేస్తుంది. కొనేటప్పుడు మెష్ సీటు దొరికితే అదే తీసుకోండి.

బాపు ఇప్పుడు పొద్దున్నే తనంతట తానే పొలానికి వెళ్తున్నాడు. అరచేతుల తిమ్మిరి లేదు. పక్కన బండ్లు ఎక్కువుంటే మాత్రం దిగి నడిపించుకుని వెళ్తాడు.

మా వెర్డిక్ట్

ప్లస్: చేతుల మీద, నడుము మీద భారం బాగా తగ్గుతుంది. సెట్టింగ్‌కి ఫోన్ చాలు.

మైనస్: పొడవు ఎక్కువ, ఎత్తు ఎక్కడం కష్టం, స్పేర్ పార్టులు దొరకవు, ట్రాఫిక్‌లో కనిపించడం తక్కువ.

నడుం నొప్పి ఉన్నవాళ్లు కొనేముందు డాక్టర్‌ని అడగండి. కొన్నాక కుషన్ల మీద డబ్బు పెట్టకుండా ముందు దూరం, తర్వాత వాలు, చివర్లో హ్యాండిల్ సెట్ చేయండి. కుదిరిన రోజే ఆ కొలతలు ఫోన్ నోట్స్‌లో రాసుకుని, సీటు జరిగే పట్టాల మీద మార్కర్‌తో గీత పెట్టండి. గతుకుల్లో బోల్టు వదులై సీటు జరిగినా, మళ్లీ మొదటి నుంచి కొలవాల్సిన పనుండదు.