వెలుతురుకు కాటా

ప్రొద్దుటూరు బంగారం అంగట్లో హారం తూకం మిల్లీగ్రాముల దాకా తేలుతుంది. అదే హారాన్ని ఫోన్‌తో ఫోటో తీసి జమ్మలమడుగులో ఉన్న అక్కకు పంపితే మాత్రం పేచీ మొదలవుతుంది. అంగట్లో నిగనిగలాడిన పుత్తడి ఫోన్‌లో ఇత్తడిలా కనబడుతుంది. "ఇదేం బంగారు రా, పాలిపోయినట్టుండాది" అంటుంది అక్క. తమ్ముడు ఇంకో రెండు ఫోటోలు పంపుతాడు. ఒకటి మరీ పచ్చగా, ఒకటి మరీ తెల్లగా.

హారంలో లోపం లేదు. ఫోన్‌లో ఉన్నదీ ఒక కాటాయే. అది తూచేది వెలుతురును, ఆ తూకంలో దానికి కొన్ని మొండి అలవాట్లున్నాయి.

డిజిటల్ కెమెరాగా పుట్టినప్పుడు ఈ కాటా బరువు సుమారు 3.6 కిలోలు. 1975 డిసెంబరులో, అమెరికాలోని రాచెస్టర్‌లో, కొడాక్ కంపెనీ కుర్ర ఇంజినీరు స్టీవెన్ సాసన్ దాన్ని అతుకులబొంతలా తయారుచేశాడు. ఒక సినిమా కెమెరా లెన్సు, 16 బ్యాటరీలు, ఒక క్యాసెట్ రికార్డరు, వెలుతురును విద్యుత్తుగా మార్చే ఒక చిప్పు. అది తీసే బొమ్మలో ఉన్నవి 10,000 చుక్కలు, అదీ నలుపు-తెలుపులో. ఒక్క ఫోటో క్యాసెట్ మీదికి ఎక్కడానికి 23 సెకన్లు పట్టేది. చూడాలంటే టీవీ పెట్టుకోవాల్సిందే. ఫిల్ము అమ్ముకుని బతికే ఇంట్లో ఫిల్ము అక్కర్లేని బిడ్డ పుడితే పెద్దలు ఎంత ముచ్చటపడతారో అంతే పడ్డారు. 2012 జనవరిలో అదే కొడాక్ దివాలా రక్షణ కోరుతూ కోర్టుకెక్కింది.

సాసన్ వాడిన చిప్పు పేరు సీసీడీ. 1969లో బెల్ ల్యాబ్స్‌లో విల్లార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ దాన్ని రూపొందించారు. 2009లో వాళ్ళకు నోబెల్ బహుమతి వచ్చింది. ఇప్పటి ఫోన్లలో ఉండే సీమాస్ చిప్పు వేరే జాతిదే అయినా చేసే పని ఒకటే. మిద్దె మీద వరసగా చెంబులు పెట్టి వాన పట్టినట్టు ఊహించుకోవాలి. ఒక్కో చెంబూ ఒక్కో పిక్సెల్. చెంబుల మీద మూత ఎంతసేపు తీసి ఉంచామన్నది షట్టర్ వేగం. వాన పడే కంత ఎంత పెద్దదన్నది అపర్చర్. వాన నిలిచాక ఒక్కో చెంబులో ఎన్ని నీళ్ళున్నాయో కొలిచి అంకె రాసుకోవడమే ఫోటో. మామూలు ఫోటోలో ఈ అంకె 0 నుంచి 255 దాకా ఉంటుంది. సున్నా అంటే కటిక చీకటి. 255 అంటే చెంబు నిండింది. నిండాక ఎంత పొర్లిపోయిందో ఏ చెంబూ చెప్పదు. చుక్క నీటికీ లెక్క చూసుకునే కడప జిల్లావాళ్ళకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు.

బొమ్మను అంకెలుగా మార్చడం సాసన్ కంటే ముందే జరిగింది. 1957లో అమెరికా ప్రభుత్వ ప్రయోగశాలలో రస్సెల్ కిర్ష్ అనే ఆయన తన పసికొడుకు ఫోటోను అడ్డం 176, నిలువు 176 చుక్కలుగా కంప్యూటరులోకి ఎక్కించాడు. సరిగ్గా అదే ఏడాది మద్రాసు నుంచి 'మాయాబజార్' సినిమా విడుదలైంది. తీసిన విజయా సంస్థ అధినేతల్లో ఒకరైన బి.నాగిరెడ్డి కడప జిల్లావారు. ఆ సినిమాలో మార్కస్ బార్ట్లే కెమెరా పరిచిన వెన్నెల గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. కంప్యూటరు చెయ్యి లేదు. దీపాలు, ఫిల్టర్లు, ఎంత వెలుతురుకు ఎంత కంత తెరవాలన్న లెక్క, అంతే.

2010లో హైదరాబాదులో కంప్యూటర్లతో ఆ సినిమాకు రంగులద్దారు. చిక్కంతా అక్కడే ఉంది. నలుపు-తెలుపు ఫిల్ము వెలుతురు ఎంతో తూచింది గాని, దాని రంగేమిటో తూచలేదు. ఎర్ర చీర, ఆకుపచ్చ చీర రెండూ అందులో ఒకే బూడిదరంగుగా దిగి ఉండొచ్చు. ఏ బూడిద వెనక ఏ రంగుందో యంత్రానికి తెలిసే దారి లేదు. కాబట్టి ఆ సినిమా నాయిక శశిరేఖ చీరకు ఈ కాలం మనుషులే రంగు ఎంచారు.

డిజిటల్ కెమెరా చిప్పు కూడా పుట్టు రంగుగుడ్డిదే అంటే చాలామంది నమ్మరు. కొడాక్‌లోనే పనిచేసిన బ్రైస్ బేయర్ దానికి ఉపాయం కనిపెట్టాడు. ఆయన పేటెంటు 1976లో వచ్చింది. చెంబుల మీద రంగు అద్దాలు పెట్టాలి. సగం ఆకుపచ్చవి, పావు వంతు ఎర్రవి, పావు వంతు నీలివి. మనిషి కన్ను సన్నటి వివరాలను ఎక్కువగా ఆకుపచ్చ వెలుతురులోనే పట్టుకుంటుంది గనుక దానికి సగం వాటా. ప్రతి పిక్సెల్ ఒక్క రంగునే చూస్తుంది. మిగతా రెండూ ఇరుగుపొరుగులను అడిగి వేసుకున్న అంచనా.

ఇప్పుడు అక్క పేచీకి వద్దాం. అంగట్లో పసుపు దీపాలు, ఫోటో నిండా పసుపు బంగారం. తెల్ల వస్తువేదో కెమెరాకు తెలియదు. పసుపు ఎక్కువైందని అనుమానించి నీలం కలిపేస్తుంది. దాన్నే వైట్ బ్యాలెన్స్ తప్పడం అంటారు. తెలిసిన ఫోటోగ్రాఫరు హారం పక్కన ఒక తెల్ల కాగితం పెట్టి, "ఇదీ తెలుపు" అని కెమెరాకు చూపిస్తాడు. కాగితానికి సరిపడే దిద్దుబాటే హారానికీ సరిపోతుంది.

గండికోటలో కష్టం ఇంకో రకం. జమ్మలమడుగుకు సుమారు 15 కిలోమీటర్ల దూరంలో, ఎర్రమల కొండలను పెన్న కోసిన లోయ అంచున, తెల్లవారుజామునే జనం ఫోన్లు పట్టుకుని కూర్చుంటారు. సూర్యుడు లేచేసరికి ఆకాశం భగ్గుమంటుంది, లోయ ఇంకా నీడలోనే ఉంటుంది. లోయ కనబడేలా తీస్తే ఆకాశపు చెంబులన్నీ పొర్లి 255 అయిపోతాయి. ఫోటోలో అక్కడ ఉత్త తెలుపు మిగులుతుంది, ఏ సాఫ్ట్‌వేరూ ఆ మబ్బులను తిరిగి తేలేదు. అందుకే అనుభవజ్ఞులు ఆకాశానికి సరిపడా తీసుకుని, లోయను చీకట్లోనే వదిలి, తరవాత ఎడిటింగ్‌లో నీడలను పైకి లేపుతారు. ఇందుకు రా (RAW) ఫైలు, అంటే చిప్పు కొలిచిన అంకెలను పారేయకుండా దాచిన ఫైలు, కావాలి. మామూలు ఫోటోలో ఒక్కో రంగుకు 256 మెట్లుంటే, 14 బిట్ల రా ఫైలులో 16,384 మెట్లుంటాయి. లేపడానికి సరుకుంటుంది. అయినా మరీ లేపితే నాయిస్ తేలుతుంది. ప్రొద్దుటూరు దసరా రాత్రి అమ్మవారి ఊరేగింపును ఐఎస్ఓ, అంటే చిప్పు ఇచ్చే సంకేతపు మోతాదు, పెంచి తీసినప్పుడు కనిపించే ఇసక అదే. పాత రేడియోలో సౌండు పెంచితే పాటతోపాటు గరగర కూడా పెరిగినట్టు.

రా ఫైలుకు బరువెక్కువ. దాన్ని తేలిక చేసే జేపెగ్ పద్ధతి 1992లో ప్రమాణమైంది. దాని పునాది 1974 జనవరిలో వచ్చిన ఒక చిన్న పరిశోధన పత్రం. రాసినవాళ్ళు నసీర్ అహ్మద్, టి.నటరాజన్, కామిశెట్టి రామమోహనరావు. గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో చదివి, టెక్సస్ విశ్వవిద్యాలయం ఆర్లింగ్టన్‌లో పాఠాలు చెప్పిన ఈ రావుగారి లెక్క రోజూ కోట్ల ఫోన్లలో నడుస్తోంది. తెలుగునాట ఆయన పేరు ఎంతమంది విన్నారన్నది వేరే సంగతి. ఆ లెక్కను వాడుకుని జేపెగ్ బొమ్మను 8×8 చుక్కల గళ్ళుగా కోసి, ఒక్కో గడిలో మెల్లగా మారే ఛాయలను ఉంచి, కన్ను పెద్దగా పట్టించుకోని సన్న వివరాలను పారేస్తుంది.

పారేసింది మళ్ళీ రాదు. పులివెందుల చీనీ తోటలో తీయించుకున్న పెళ్ళి ఫోటోను వాట్సాప్‌లో పంపితే, ఆ యాప్ చుక్కలను తగ్గించి మరోసారి పిండుతుంది. స్టూడియోవాళ్ళు "డాక్యుమెంటుగా పెట్టండి సార్" అని మొత్తుకునేది ఇందుకే. 12×36 అంగుళాల కరిజ్మా ఆల్బమ్ షీటు నిండాలంటే, అంగుళానికి 300 చుక్కల చొప్పున, దాదాపు 3 కోట్ల 90 లక్షల చుక్కలు కావాలి.

ఫోటోను దిద్దడం కొత్తేమీ కాదు. ఫిల్ము కాలంలో స్టూడియోల్లో నెగెటివ్ మీద పెన్సిలుతో టచింగ్ చేసి మొటిమలు మాయం చేసేవారు. అమెరికాలో థామస్ నోల్, జాన్ నోల్ అన్నదమ్ములు మొదలుపెట్టి, 1990లో విడుదలైన ఫోటోషాప్ ఆ పెన్సిలును మౌసుగా మార్చింది. గండికోటలో మాధవరాయ గుడి ముందు జంటను నిలబెట్టి ఫోటో తీస్తే, వెనక నలుగురు పర్యాటకులు పడతారు. ఫోటోషాప్‌లోని క్లోన్ స్టాంపు అనే పనిముట్టు పక్కనున్న రాతిగోడను నకలు తీసి వాళ్ళ మీద అతికిస్తుంది. మనుషులు పోతారు, గోడ వస్తుంది. ఆ గోడ మీద ఒకే పగులు, ఒకే వంపుతో, రెండు చోట్ల కనిపిస్తే, అక్కడొకరు నిలబడి ఉండేవారన్నమాట.